రెండు వేళ్ళ సందు

నేను ఒక పట్టెడను. ఎద్దు మెడలో గంటతో ఊగే పట్టెడను కాను, పెంపుడు కుక్కకు కట్టే రంగుల పట్టీని అసలే కాను. వాళ్ళు నా దూరపు చుట్టాలని ఎవరైనా అంటే కాదనను గానీ, నా పని వేరు. ఒక మగ కణుజు మెడలో ఉండి, అది ఎక్కడ తిరుగుతోందో మనుషులకు చెప్పడానికి పుట్టాను. కణుజు అంటే మన అడవుల్లోని జింకల్లోకెల్లా పెద్దది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, మగదానికి పెద్ద కొమ్ములు, మెడ కింద జూలు. అంత ఒళ్ళు వేసుకుని కూడా మనిషి వాసన తగిలితే చాలు, పొదలో కలిసిపోతుంది.

ఇప్పుడు నేను ముసురుమెట్ట మీద, టూరిస్టుల జీపులు ఆగే చోట కట్టిన గదిలో, ఒక గాజుపెట్టెలో పడుకుని ఉన్నాను. వచ్చినవాళ్ళు అద్దంలో జుట్టు సవరించుకుని వెళ్తారు. ఎవరైనా కిందికి చూస్తే ఒక అట్టముక్క కనిపిస్తుంది. "రేడియో కాలర్. వన్యప్రాణుల కదలికలు తెలుసుకోవడానికి వాడతారు." రాసింది అంతే. నా లోపలి వైపు అంటుకుని ఉన్న నల్లని మరకేమిటో, అందులో చిక్కుకున్న వెంట్రుకలు ఎవరివో అట్టముక్క రాసినాయనకు తెలియదు. అవి చెప్పుకోవాలనే నా ఆరాటమంతా.

నేను పుట్టింది చాలా దూరంలో, ఏడాదిలో సగం మంచు కురిసే దేశంలో, ఒక చిన్న కార్ఖానాలో. ఫ్యాక్టరీల్లో సరుకు మోసే బెల్టు ఉంటుంది చూడండి, దాని ముక్కే నా ఒళ్ళు. దానికి ఒక బ్యాటరీ, బొటనవేలంత రేడియో, తోకలాంటి తీగ బిగించారు. నా నోటికి వచ్చిన మాట ఒక్కటే: టిక్, టిక్, టిక్. ఎవరైనా వినే యంత్రం పట్టుకుని గుట్ట ఎక్కితే, ఆ చప్పుడు ఎటు గట్టిగా వినిపిస్తే అటు నేనున్నట్టు. నన్ను వేసుకున్న జంతువు చాలాసేపు మెడ కదపకపోతే నా టిక్కుల జోరు రెట్టింపవుతుంది. దాన్ని చావు టిక్కు అంటారు. అది వినిపిస్తే పరిశోధకులు కంచం ముందు నుంచి లేచి పరిగెత్తుతారు.

నా వెనుక భాగంలో ఒక చిన్న తాళం కూడా ఉంది. దానికి తాళంచెవి లేదు. చేతిలో పట్టే ఒక పెట్టె ఉంటుంది, దాని మీద మీట నొక్కితే ఆ సంకేతం నాకు అంది, తాళం పటుక్కున ఊడి, నేను జారిపోతాను. అయితే ఆ పెట్టె పట్టుకున్న మనిషి దగ్గరికి రావాలి, మధ్యలో కొండ అడ్డం ఉండకూడదు. కార్ఖానాలో నన్ను పరీక్షించిన ముసలాయన తాళాన్ని ఒకసారి ఊడదీసి చూసి, "నువ్వు బిగుసుకోవడం కన్నా వదలడం ముఖ్యం" అన్నాడు వాళ్ళ భాషలో. అప్పుడు నాకది అర్థం కాలేదు.

ఓడరేవులో కస్టమ్స్ ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. కుక్క పట్టీ అంటే నమ్మడు, ఇంత లావు మెడ ఏ కుక్కకుంటుందని అడుగుతాడు. జింకకు అంటే అసలే నమ్మడు. జింకకు రేడియో ఎందుకండీ, పాటలు వింటుందా అని పక్కాయనతో నవ్వాడు. ఆ నవ్వులు, సంతకాలు అన్నీ అయ్యేసరికి ఒక వానాకాలం పోయింది. ఆపైన ఒక ఆఫీసు బీరువాలో పాత గొడుగుల పక్కన ఇంకొంత కాలం పడి ఉన్నాను. నాతో కలిపి వచ్చిన పట్టెడలు మొత్తం మూడు. మాలో ఎవరికి ఏ మెడ రాసి ఉందోనని బీరువా చీకట్లో అనుకుంటూ ఉండేవాళ్ళం.

బీరువా తెరిచింది నీలవేణి. ఏలూరు పిల్ల. వాళ్ళ నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఆ వాసన ఈమెకూ అంటింది, ఎక్కడికి వెళ్ళినా ముందు తలలు లెక్కపెడుతుంది. పెళ్ళిపందిట్లో మనుషుల్ని, గట్టు మీద మేకల్ని, అడవిలో కణుజుల్ని. జింకల మీద పరిశోధన చేస్తానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదట, అర్థమైతే కదా అడ్డు చెప్పడానికి. ఆమె మా ముగ్గుర్నీ సంచిలో వేసుకుని, గోదావరి కొండల్ని చీల్చుకుని పారే చోటు దగ్గరి జాతీయ ఉద్యానవనానికి తీసుకొచ్చింది.

అక్కడ ఆమెకు తోడు పోశిరెడ్డి. కాకిమామిడి గూడేనికి చెందిన కొండరెడ్డి. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. అడవిశాఖ క్యాంపులో పని, ఇంటి దగ్గర రెండు జతల ఎద్దులు, పొద్దున ఒక ముంత జీలుగు కల్లు. కల్లు మానమని నీలవేణి చెప్పేది, ఏంటెనా పట్టుకుని చెట్లకు తగులుకోవడం నువ్వు మానెయ్యమని అతను చెప్పేవాడు. ఇద్దరూ మానలేదు. ఆమె అతన్ని బాబాయ్ అనేది, అతను ఆమెను అమ్మాయ్ అనేవాడు.

ఇక అసలు సంగతి. ముసురుమెట్ట వెనుక ఒక పల్లపు లోయ ఉంది. దాని పేరు పందిబురద. పేరు పందులది గానీ, చలికాలం వస్తే అది కణుజులదే. మగవి ఆ బురదగుంటల్లో పొర్లుతాయి, ఆడవి చుట్టూ చేరతాయి, అక్కడే జతకడతాయి. సరిగ్గా ఆ లోయ మీదుగా ముసురుమెట్ట పైకి జీపుల రోడ్డు వేయాలని పై నుంచి ఆలోచన వచ్చింది. పైకి వెళ్తే గోదావరి వంపు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, జనం ఫొటోలు దిగుతారు. రోడ్డు వెయ్యాలా, పక్క గట్టు మీదుగా తిప్పాలా అన్నది మాఘమాసంలో ఒక కమిటీ తేలుస్తుంది. చలికాలమంతా కణుజులు ఆ లోయను అంటిపెట్టుకుని ఉంటాయని రోజువారీ రుజువు చూపిస్తే రోడ్డు పక్కకు పోతుంది. ఆ రుజువు తేవలసినవాళ్ళం మేము ముగ్గురం పట్టెడలం.

అందుకే వేసవిలో పని మొదలుపెట్టారు. మగ కణుజులు ఎండాకాలంలో కొమ్ములు రాల్చుకుంటాయి. అప్పుడైతే పట్టుకునేటప్పుడు ఒకదాన్నొకటి పొడుచుకోవు, మత్తులో పడినప్పుడు కొమ్ము విరగదు, పట్టెడ తల మీదుగా సులువుగా దిగుతుంది. దెబ్బ తగలకూడదన్న దయతోనే ఆ కాలం ఎంచుకున్నారు. అందులో ఉన్న తిరకాసు ఎవరికీ తట్టలేదు.

నా వంతు వచ్చిన రోజు బాగా గుర్తు. పశువుల డాక్టరు వేసిన మత్తుసూది తగిలి, ఒక పెద్ద మగది మోదుగుచెట్టు కింద కూలబడింది. కళ్ళకు గుడ్డ కట్టారు. ఎండకు చిక్కిపోయి, ఎముకలు తేలి, బోడితలతో ఉంది. ఎడమ చెవి పక్కన, కొమ్ము మొలిచే మొదట్లో, ఏదో పాత దెబ్బకు సొట్ట పడి ఉంది. నీలవేణి నన్ను దాని మెడ చుట్టూ తిప్పి, ఎంత వదులు ఉంచాలా అని ఆగింది. పుస్తకంలో మగవాటికి ఎక్కువ వదులు ఉంచమని ఉంది. మరీ వదులైతే ముందుకాలు అందులో ఇరుక్కుని, జంతువు మూడు కాళ్ళతో చచ్చిపోతుందనీ అదే పుస్తకంలో ఉంది. మా ముగ్గురిలో మొదటి పట్టెడను అంతకుముందు వారం వదులుగా కడితే, అది కంపలకు తగులుకోవడం ఆమె కళ్ళారా చూసింది.

"బాబాయ్, ఎంత ఉంచుదాం?"

"మా ఎద్దులకి పెట్టే కొలతే పెట్టు. రెండు వేళ్ళు దూరితే సాలు. మా తాత కాణ్ణుంచి అదే కొలత. ఒక్క ఎద్దుకీ ఏమీ అవలేదు."

నీలవేణి తన రెండు వేళ్ళు నాకూ ఆ మెడకూ మధ్య పెట్టి చూసింది. డాక్టరు గారు తానూ పెట్టి చూసి, సరిపోయిందన్నారు. పోశిరెడ్డి కూడా పెట్టి చూసి తలాడించాడు. ముగ్గురి వేళ్ళూ నాకు తెలుసు. ఒకరివి సన్నం, ఒకరివి మెత్తన, ఒకరివి కాయలు కాసినవి. తాళం బిగించారు. కళ్ళగుడ్డ తీశారు. అది తూలుతూ లేచి, ఒకసారి ఒళ్ళు దులుపుకుని, వెనక్కి చూడకుండా వెదురుపొదల్లోకి నడిచిపోయింది. "మావోడు దర్జాగా పోతన్నాడు సూడు" అన్నాడు పోశిరెడ్డి. కాగితాల్లో దానికి ఒక నంబరు ఇచ్చారు గానీ, ఆ రోజు నుంచి అందరికీ అది మావోడే. ఇకమీదట నేనూ వాడు అనే అంటాను.

వాడి మెడ మీద నా మొదటి నెలలు ఎలా చెప్పను! బీరువాలో గొడుగుల పక్కన బతికిన దానికి అడవి అంటే ఏమిటో వాడే చూపించాడు. తెల్లవారుజామున వాగులో దిగి మెడదాకా మునిగేవాడు, నీళ్ళు నా సందుల్లోంచి పారేవి. మధ్యాహ్నం మద్దిచెట్టు నీడలో నెమరు వేస్తుంటే, ఆ కదలిక నాకు ఊయలలా ఉండేది. తొలకరి పడింది. చెవి పక్కన కొమ్ములు మెత్తగా, వెచ్చగా మొలిచాయి. ఎడమ కొమ్ములో కింది కొన మాత్రం ఆ సొట్ట వల్ల కొడవలిలా లోపలికి వంగింది. శ్రావణంలో ఒళ్ళు నిండింది, జూలు నల్లబడింది. నాకూ వాడి మెడకూ మధ్య ఉన్న రెండు వేళ్ళ సందు ఒక వేలైంది. తిండి బాగా దొరుకుతోందిలే అనుకుని నేను సంతోషించాను. అంత తెలివితక్కువదాన్ని.

ఈలోపు మిగతా ఇద్దరి కథలు ముగిశాయి. కంపలకు తగులుకునే పట్టెడ వేసుకున్న దాన్ని రేచుకుక్కల గుంపు వాగులోకి తరిమి చంపేసింది. రెండో పట్టెడ వానల్లో నీరు చేరి మూగబోయింది. ఇక లోయ తరఫున మాట్లాడేది నేనొక్కదాన్నే. నీలవేణి వర్షంలో గొడుగు ఒక చేత్తో, చేపముల్లులాంటి ఏంటెనా ఒక చేత్తో పట్టుకుని గుట్ట మీద నిలబడి నా టిక్కులు వినేది. వినిపించగానే "ఉన్నాడు బాబాయ్" అనేది. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు వచ్చిందో, క్యాంపులో వంటవాడు కూడా పప్పు ఉందా అంటే ఉన్నాడు బాబాయ్ అనేవాడట. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? తర్వాత వాళ్ళ బల్ల మీద చాలాకాలం పడి ఉన్నాను. మనుషులు వస్తువుల ముందు దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు.

కార్తీకం వచ్చింది. కొమ్ముల మీది మెత్తని తోలు ఊడిపోయి, అవి గట్టిపడ్డాయి. వాడికి మదం ఎక్కింది. పందిబురద చేరుకున్నాడు, మిగతా మగవాటిని తరిమాడు, బురదలో పొర్లి నల్లగా తయారయ్యాడు. మగ కణుజుకు ఆ కాలంలో మెడ ఉబ్బుతుంది. కొవ్వు కాదు, పోట్లాటకు సిద్ధపడే కండ. రోజురోజుకూ అది నన్ను తోసింది. సందు లేదు. నేను సాగేదాన్ని కాను, సాగకూడదని చేసిన బెల్టును. నా అంచు చర్మంలో దిగడం మొదలైంది. వాడు చెట్టు మొదలుకు మెడ రుద్దేవాడు, రుద్దితే ఇంకా లోపలికి కోసుకునేది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో చిన్న ఈల వినిపించేది. ఆ ఈల నా వల్లే. నా వల్లేనని తెలిసి కూడా టిక్ టిక్ అంటూ ఉండడం తప్ప నేను చేయగలిగింది లేదు. అవతల గుట్ట మీద నీలవేణి ఆ టిక్కు విని, "ఉన్నాడు బాబాయ్, లోయ వదలట్లేదు" అని మురిసిపోయేది.

చెట్లకు కట్టిన కెమెరాల్లో ఒక ఫొటో వచ్చేదాకా వాళ్ళకు తెలియలేదు. ఆ ఫొటోలో వాడు పక్కకు తిరిగి ఉన్నాడు. మెడ నాకు పైనా కిందా రెండుగా పొంగి, మధ్యలో నేను కనపడకుండా దిగిపోయి ఉన్నాను. కింద జూలు తడిగా ఉంది. బురద తడి కాదని ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

పోశిరెడ్డి ఫొటోను చూసి, తువ్వాలు భుజం మీద నుంచి తీసి నేల మీద కూర్చున్నాడు.

"ఎద్దు కొలత పెట్టేశాను అమ్మాయ్."

"మన ముగ్గురం పెట్టాం బాబాయ్."

"కాదు, ఇను. ఎద్దుకి మనం చిన్నప్పుడే ఇత్తులు నొక్కించేత్తాం. దానికి మదమెక్కదు, మెడ ఉబ్బదు. ఏడాదంతా ఒకటే మెడ. అందుకే ఆ కొలత. మావోడికి ఎవుడు నొక్కించాడు?" అన్నాడు.

నీలవేణి తన పరిశోధనను చూసే ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ లోయ కోసం ఆమెకన్నా ముందు నుంచి పోరాడుతున్న మనిషి. "మళ్ళీ మత్తిచ్చి వదులు చేద్దామంటే అనుమతి రావాలి, ఆ కాగితం కదిలేసరికి పుష్యం వెళ్ళిపోతుంది. మదంలో ఉన్నదానికి మత్తిస్తే గుండె ఆగినా ఆగొచ్చు. తాళం ఊడదీస్తే నీ దగ్గర ఇక చలికాలం రుజువు లేదు. ఇంకో నెల ఓపిక పట్టు, మదం దిగితే మెడ దానంతటదే తగ్గుతుంది" అన్నారు. ఆపైన, "ఒక్కదాని కోసం లోయలో ఉన్నవన్నీ పోగొట్టుకుంటామా నీలవేణీ?" అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అదే బాధ.

ఆమె ఓపిక పట్టింది. ఫొటోలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి, కానీ అవి లోయలో ఉండేవి కావు, అటుగా పోతూ పోతూ ఫొటోలో పడ్డవి అని కమిటీ అంటే నోరెత్తడానికి ఉండదు. నా టిక్కులే కావాలి. రోజూ గుట్ట ఎక్కేది, వినేది, రాసుకునేది. "ఉన్నాడు బాబాయ్" అనడం మానేసింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గొంతు పట్టుకునేదట. పోశిరెడ్డి కూడా పొద్దున్న ముంత ముట్టడం లేదు.

ఒకరోజు కెమెరాలో ఇంకో ఫొటో వచ్చింది. వాడు లోయలోనే ఉన్నాడు, ఆడకణుజులు మాత్రం ఇంకో మగదాని పక్కన ఉన్నాయి. వాడు తల దించుకుని ఉన్నాడు, ముక్కు దాదాపు నేలకు తగులుతోంది. నీలవేణి ఆ ఫొటో చూసి సెల్ ఆపేసి చొక్కా జేబులో పెట్టుకుంది, సంచిలోంచి నా తాళం ఊడదీసే మీట ఉన్న యంత్రం తీసింది.

"పద బాబాయ్."

"పొఫెసర్ గారికి సెప్పావా?"

"చెప్తే వద్దంటారు. చేశాక చెప్తాను."

"మరి లోయ?"

నీలవేణి బూట్ల తాళ్ళు కట్టుకుంది. కట్టుకుంటూ ఏడ్చింది. పోశిరెడ్డి అటు తిరిగి కత్తి నడుముకు చెక్కుకుంటూ, "పద పద, పొగమంచు ఇడిసేలోగా పోవాలి" అన్నాడు.

ఉదయం వాళ్ళు పందిబురద చేరేసరికి పొగమంచు ఇంకా నేల మీద పాకుతోంది. వాడు బురదగుంట అంచున ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నాకు వాళ్ళు వస్తున్నట్టు తెలియదు, వాడికీ తెలియదు; గాలి వాళ్ళవైపే ఉంది. పొద చాటు నుంచి నీలవేణి మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. వాడు పొర్లిన బురదంతా నా తాళం మీద ఎండి గట్టి పెంకులా ఉంది. సంకేతం నాకు అందీ అందకుండా ఉంది. ఇంకా దగ్గరికి రావాలి. ముందు పొదలు లేవు, చదును నేల.

"వద్దమ్మాయ్. మదంలో ఉన్నోడు. పొడిత్తే పొట్ట సీల్చేత్తాడు."

"ఇక్కణ్ణుంచి అందట్లేదు బాబాయ్."

ఆమె లేచి నిలబడి, చదునులోకి నడిచింది. పోశిరెడ్డి ఆపలేదు, కూడా నడిచాడు. అతని నడుముకు కత్తి ఉంది గానీ దాన్ని ఒరలోంచి తీయలేదు.

వాడు చూశాడు. తోక లేపి, ముందుకాలు నేలకేసి కొట్టాడు. అరవబోయాడు, ఈల తప్ప రాలేదు. కొమ్ములు దించాడు. వాడి నెత్తురు నా కింద ఎంత జోరుగా కొట్టుకుందో నాకు మాత్రమే తెలుసు. నీలవేణి ఇంకో అడుగు వేసింది. రెండు చేతులతో యంత్రం పట్టుకుని, బొటనవేలితో మీటను అదిమిపట్టి, వదలకుండా అలాగే ఉండిపోయింది.

అప్పుడు అందింది. పటుక్కుమన్నాను. ఆ చప్పుడుకు వాడు గాల్లోకి ఎగిరాడు. తాళం ఊడినా నేను ఊడలేదు. పుండులో, జూలులో అతుక్కుపోయి ఉన్నాను. వాడు రెండు గెంతులు వేశాడు, మూడో గెంతుకు చర్మం నన్ను వదిలింది. వదిలేటప్పుడు నొప్పి వాడికి ఎంత కలిగిందో, అది నేను చెప్పలేను. బురదలో వెల్లకిలా పడ్డాను. వాడి గొంతులోంచి ఒక పెద్ద ఊపిరి వచ్చింది, ఈల లేకుండా. ఆ తర్వాత వెదురు పొదలు విరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

వాడు మళ్ళీ బురదకు వస్తే తమను చూసి బెదిరిపోతాడని, ఇద్దరూ ఆ రోజంతా నన్ను అలాగే వదిలేసి దూరంగా వెళ్ళిపోయారు. నేను కదలకుండా పడి ఉన్నాను. కదలకపోతే నాకు తెలిసింది ఒకటే కదా. టిక్కుల జోరు రెట్టింపయింది. చచ్చాడు, చచ్చాడు, చచ్చాడు అని లోయంతా చాటాను. క్యాంపులో యంత్రం ముందు కూర్చున్న నీలవేణికి అది అబద్ధమని తెలుసు. తెలిసినా చెవులు మూసుకుందని పోశిరెడ్డి తర్వాత చెప్పాడు. ఎందుకంటే అది అబద్ధం కాకుండా పోయే రోజు వస్తే, చెప్పడానికి ఇక నేను వాడి మెడలో లేను. అంత లోతు పుండుతో చలికాలం గడుపుతాడా, ఈగలు ముసిరి పురుగు పడుతుందా, రేచుకుక్కలు వాసన పడతాయా, ఎవరికీ తెలిసే దారి లేదు. వాడికోసం వాడి జాడే వదులుకుంది ఆ పిల్ల.

మాఘంలో కమిటీ కూర్చుంది. నీలవేణి తన దగ్గరున్నదంతా చూపించింది. మంచి పని, కానీ చలికాలం మధ్యలో ఆగిపోయిందే అన్నారు. ఎందుకు ఆగిందో ఆమె చెప్పింది. విన్నవాళ్ళలో ఒకరిద్దరు తలలు దించుకున్నారట. రోడ్డు మాత్రం వచ్చింది. పందిబురద మీదుగా, బురదగుంటలు రాళ్ళతో పూడ్చి వేశారు. ప్రొఫెసర్ గారు నీలవేణిని ఒక్క మాట కూడా అనలేదు. ఆయన అని ఉంటే బాగుండేదని ఆమె పోశిరెడ్డితో అంది. రోడ్డు చివర ముసురుమెట్ట మీద ఒక గది కట్టి, జనానికి చూపించడానికి ఏమైనా ఉంటే ఇవ్వమని అడిగారు. అలా నేను ఇక్కడికి వచ్చాను. ఏ రోడ్డును ఆపడానికి నన్ను సముద్రాలు దాటించి తెచ్చారో, ఆ రోడ్డు మీదే జీపులో ఎక్కించి తీసుకొచ్చారు.

ఇక్కడ ఏడాది గడిచింది. చలికాలం వచ్చింది, పోయింది. పోశిరెడ్డికి ఈ గది తాళం తీసే పని ఇచ్చారు. జీపులు దిగినవాళ్ళు గోదావరిని చూసి, ఫొటోలు దిగి, గదిలోకి వచ్చి, "ఇక్కడ జంతువులేవీ కనబడవేంటండీ?" అని అతన్ని అడుగుతారు. అతను నా వైపు చూసి, "ఉన్నాయండి, దూరం పోయినాయి" అంటాడు. ఎక్కడికి అని ఎవరూ అడగరు.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు నీలవేణి వచ్చింది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది, జుట్టు కురచగా కత్తిరించుకుంది. లోపలికి రాగానే అలవాటు చొప్పున గదిలో ఉన్నవాళ్ళను లెక్కపెట్టింది. రమ్మని కబురు పెట్టింది పోశిరెడ్డి. ఎందుకో చెప్పలేదట. జీపులవాళ్ళందరూ బయటికి వెళ్ళేదాకా ఆగి, బల్ల కింద నుంచి తువ్వాలులో చుట్టిన ఒకదాన్ని తీశాడు.

"రేంజరు గారిని అడిగే తెచ్చాను. అవతలి గట్టు మీద, ఏరు దాటాక, ఇప్పచెట్టు కింద పడుంది. ఏదుపంది కొరకడం మొదలెట్టింది గానీ, ఎక్కువ తినలేదు."

తువ్వాలు విప్పాడు. ఒక కణుజు కొమ్ము. ఎడమది. కింది కొన కొడవలిలా లోపలికి వంగి ఉంది. మా కాలంలో ఉన్నదానికన్నా లావు, పొడుగు.

నీలవేణి చెయ్యి చాపి, తాకకుండా ఆగింది. "పాతదేమో బాబాయ్. అప్పటిదేమో."

"మొదలు సూడు" అన్నాడు పోశిరెడ్డి. కొమ్మును తిప్పి, అడుగు ఆమెకు చూపించాడు. అది విరిగిన అడుగు కాదు, గుండ్రంగా, గింజలు గింజలుగా, తొడిమ ఊడిన పండులా ఉంది. నిండా కొత్త తెలుపు. "సచ్చినోడి కొమ్ము పుర్రెతో దొరుకుద్ది. ఇది రాలింది. ఈ ఏడే రాలింది. రాలాలంటే బతికుండాల అమ్మాయ్."

ఆమె గాజుపెట్టె తెరవమంది. నన్ను చేతిలోకి తీసుకుని, ఆ రోజు పెట్టినట్టే రెండు వేళ్ళు నా లోపలివైపు పెట్టింది, నల్లని మరక మీద. అప్పుడు ఏడ్చింది, ఆ ఉదయం బూట్లు కట్టుకుంటూ ఏడ్చినట్టు కాదు. పోశిరెడ్డి ఈసారి అటు తిరగలేదు, తనూ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కొమ్మును నా పక్కన పెట్టి, పెట్టె మూశారు. అట్టముక్క మీద దాని గురించి ఏమీ రాయలేదు. రాయమని ఆమె చెప్పలేదు.

ఇప్పుడు మేమిద్దరం ఒకే పెట్టెలో ఉన్నాం, నేనూ, వాడు నా తర్వాత పెంచుకుని వదిలేసిన కొమ్మూ. లోయలో బురదలో పడి ఉండి వాడు చచ్చాడని అరిచిన గొంతు నాది. నా బ్యాటరీ ఎప్పుడో ఒట్టిపోయింది. లేకపోతే ఆ రోజు పెట్టె మూసేటప్పుడు, నిదానంగా, బతికున్నవాడి టిక్కు ఒక్కటి కొట్టి ఉండేదాన్ని. ఏరు అవతల ఏ గట్టు మీద ఉన్నాడో, ఏ నీడలో నెమరు వేస్తున్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నాడో చెప్పడానికే పుట్టినదాన్ని, తెలియదని చెప్పడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.